దసరా తెల్లారి మటన్, 28 లీటర్ల ఓటీజీ, బేక్డ్ పాస్తా

ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పెట్టె) అంటే కేకులు చేసే డబ్బా అనే మాట మా నల్లగొండలో బాగా నాటుకుపోయింది. పోయినేడు క్లాక్ టవర్ దగ్గరి షాపులో కొనేటప్పుడు కూడా ముందు అడిగింది అదే, కేకులు నేర్చుకుంటున్నారా మేడం అని. మా ఇంట్లో కేకులు పుట్టినరోజులకే, అవి కూడా బేకరీ నుంచే వస్తాయి. నేను కొన్నది పండగ మటన్ మిగిలితే ఏం చేయాలో తోచక. ఏడాది వాడాక చెప్తున్నాను, మాంసం తినే ఇంటికి ఈ పెట్టె కేకుల కంటే మిగిలిన కూరకే ఎక్కువ పనికొస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. 28 లీటర్లు, 1500 వాట్లు, కింద మీద రాడ్లు, లోపల చిన్న ఫ్యాను. ఈ సైజులో ఏ కంపెనీది చూసినా ఇంచుమించు ఇవే ఉంటాయి, ఇవే తిప్పలు కూడా.

మన దగ్గర మాంసం మిగలడమంటే మామూలు విషయం కాదు. దసరాకు ప్రతి ఇంట్లో మటన్ ఉండాల్సిందే, నలుగురికి కిలో చాలని తెలిసినా రెండు కిలోలు తెస్తారు, పైగా చుట్టాలు ఇంకో డబ్బా పంపిస్తారు. రెండేండ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు, యాట కోసిన వాళ్ల ఇండ్లల్లో గంజులకు గంజులు. తెల్లారి అదే కూర జొన్న రొట్టెలోకి ఇంకా బాగుంటుంది, అందులో నాకు ఏ అనుమానం లేదు. మూడో పూటకు మాత్రం పిల్లలు ప్లేటు పక్కకు నెడతారు, పెద్దవాళ్లు మొహమాటానికి తింటారు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ అయ్యాక మిగిలిన టర్కీ మాంసాన్ని పాస్తాలో కలిపి చీజ్ వేసి బేక్ చేసుకుంటారు, వాళ్లకు అది ఇంటింటి వంట. వాళ్ల మాంసానికి ఉప్పు, మిరియాలు తప్ప పెద్దగా మసాలా ఉండదు. మనదాంట్లో కారం, ధనియాల పొడి, ఎండు కొబ్బరి, గసాలు అన్నీ ముందే ఉన్నాయి, అంటే సగం పని అయిపోయినట్టే.

మిగిలిన మటన్‌తో బేక్డ్ పాస్తా చేసే పద్ధతి చెప్తాను, ఓటీజీ ఎట్లా పని చేస్తుందో కూడా ఇందులోనే తెలుస్తుంది.

కూర గిన్నె ఫ్రిజ్‌లోంచి తీయగానే పైన కొవ్వు తెల్లటి మూతలా గడ్డకట్టి ఉంటుంది, దాన్ని చెంచాతో ఎత్తి పారేయండి. ఇది వదిలేస్తే పాస్తా అంతా నూనె తేలి తినేటప్పుడు నోటికి అంటుకుంటుంది. తర్వాత చేత్తో బొక్కలన్నీ ఏరి, మాంసం చిన్న చిన్న పీలికలు చేయాలి. ఇక్కడ తొందరపడొద్దు, మెడ ముక్కల్లో, పక్కటెముకల్లో గోరంత బొక్కలు దాక్కుంటాయి, పిల్లలు పాస్తాలో బొక్క ఉంటుందని అనుకోరు కదా. నల్లి బొక్క దొరికితే పాస్తాకు పెట్టకండి, వంట చేసేవాళ్ల వాటా అది. బొక్కలు తీసేశాక రెండు కప్పులు రావాలి. దాన్ని గ్రేవీతో సహా పొయ్యి మీద బాగా ఉడుకు పట్టించి, పల్చగా ఉంటే దగ్గరకు వచ్చేదాకా ఉంచండి.

పాస్తా 250 గ్రాములు, గొట్టాల్లాంటి పెన్నే అయితే గ్రేవీ లోపలికి దూరుతుంది. ప్యాకెట్ వెనక డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నదే తీసుకోండి, తక్కువ రేటుకు వచ్చే లూజు పాస్తా ఓవెన్ దాకా పోకముందే ముద్దవుతుంది. ఉప్పు వేసిన నీళ్లలో, ప్యాకెట్ మీద రాసిన టైముకు రెండు మూడు నిమిషాలు తగ్గించి దించాలి. కొరికితే మధ్యలో కొంచెం గట్టిగా తగలాలి, ఎందుకంటే మిగతాది ఓవెన్లో సాస్ పీల్చుకుంటూ ఉడుకుతుంది. వైట్ సాస్‌కు రెండు పెద్ద చెంచాల వెన్న, అంతే మైదా, చిన్న మంట మీద పచ్చి వాసన పోయేదాకా, రంగు మారనివ్వకుండా కలిపి, అర లీటరు పాలు కొంచెం కొంచెంగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. గరిటె వెనక పూతలా నిలిచిందంటే అయిపోయింది. మిరియాల పొడి వేయండి, ఉప్పు వద్దు, కూరలోనూ చీజ్‌లోనూ సరిపోయేంత ఉంది.

మా అత్తమ్మది దేవరకొండ వైపు. ఇది చూసి "పాలల్ల మటనేంది బిడ్డా, ఇరిగిపోదా?" అంది. న్యాయమైన అనుమానమే. మైదా ఉడికి చిక్కబడిన పాలు అంత తొందరగా విరగవు, కానీ కూరలో టమాటా ఎక్కువ పడి ఉంటే, దాన్ని సాస్ గిన్నెలో పోసి పొయ్యి మీద మరిగిస్తే విరిగే ప్రమాదం ఉంది. అందుకే కూరను పాస్తాలో కలిపి గాజు గిన్నెలో పరిచి, సాస్ పైనుంచి పోస్తాను. అది గొట్టాల మధ్యలోకి తనంతట తనే దిగుతుంది, అక్కడక్కడా ఎర్రగా, అక్కడక్కడా తెల్లగా ఉంటుంది, తినేటప్పుడు ఆ తేడానే బాగుంటుంది. దాని మీద చీజ్. మోజరెల్లా అయితే సాగుతుంది, పెద్ద సూపర్ మార్కెట్లలో ఫ్రీజర్లో ఉంటుంది. మామూలు చీజ్ క్యూబులు తురిమినా పర్లేదు, సాగదు కానీ రుచి ఇంకొంచెం ఉప్పగా బాగుంటుంది. నేను సగం సగం వేస్తాను.

ఓటీజీని ముందే పది నిమిషాలు 190 డిగ్రీల్లో వేడి చేసి, రెండు రాడ్లు పెట్టి, గిన్నెను మధ్య అరలో ఇరవై ఇరవై ఐదు నిమిషాలు ఉంచాలి. చివర్లో కింది రాడ్ ఆపేసి పై రాడ్ ఒక్కటే మూడు నాలుగు నిమిషాలు. ఇక్కడ మాత్రం ఫోను పక్కన పెట్టి అద్దం ముందే నిలబడండి. ముందు అంచుల దగ్గర బుడగలు వస్తాయి, ఎర్రటి నూనె గాజుకు ఆనుకుని పైకి పాకుతుంది, తర్వాత చీజ్ మీద గోధుమ రంగు మచ్చలు పడటం మొదలవుతుంది, ఆ మచ్చలు వచ్చిన నిమిషం లోపల నల్లబడతాయి కూడా. తీశాక పది నిమిషాలు వదిలేయాలి, లేదంటే గరిటె పెట్టగానే అంతా జారిపోతుంది. పైన కరకరలాడే ఆ పొర మామూలు మైక్రోవేవ్‌లో రాదు, అది వేడి చేస్తుంది కానీ కాల్చదు. పెనం మీద మూత పెట్టి చేస్తే అడుగు మాడుతుంది, పైన తడిగానే ఉంటుంది. ఈ పెట్టెకు నేను పెట్టిన డబ్బంతా ఆ పై రాడ్‌కే అనుకుంటాను.

ఏ కూరైనా పనికొస్తుందా అంటే, రాదు. అన్నిటికంటే బాగా కుదిరేది ఖీమా, ఏరే పని కూడా ఉండదు. మటన్ వేపుడు, చికెన్ ఫ్రై, దావత్‌లో మిగిలిన చికెన్ 65 కూడా సూపర్. నాటుకోడి గట్టిగా ఉంటుంది కాబట్టి పీలికలు ఇంకా సన్నగా చేయాలి. గోంగూర మటన్ వద్దు, ఆ పులుపుకూ పాలకూ పడదు. బోటి, తలకాయ కూర ఇందులో వేసి పాడుచేయకండి, అవి రొట్టెలోకే. చేపల పులుసు గురించి అడిగిన వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు దండం.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. పండగ కూరను రాత్రంతా పొయ్యి మీదే ఉంచి, పొద్దున మరగబెడితే ఏం కాదనే అలవాటు మన ఇండ్లల్లో చాలా ఉంది. మరగబెడితే బాక్టీరియా చాలావరకు చస్తుంది, కానీ కొన్ని రకాలు అప్పటికే వదిలిన విషం మరిగించినా పోదు. వండిన రెండు గంటల లోపల, చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల లోపల వాడేయండి. ఓవెన్లో ఎట్లాగూ వేడవుతుంది కదా అని చల్లటి కూరనే కలపొద్దు, గిన్నె మధ్య దాకా వేడి చేరేలోపు పైన చీజ్ మాడుతుంది. పొయ్యి మీద ముందే ఉడుకు పట్టించమన్నది అందుకే.

ఇప్పుడు ఈ పెట్టెతో ఇబ్బందులు. మొదటిది వైరు, మరీ పొట్టి, మా వంటింట్లో గట్టు మీద ఒకే ఒక్క మూలలో పెట్టగలం. ప్లగ్గు పెద్దది, 16 ఆంప్స్ సాకెట్ కావాలి, 1500 వాట్లంటే దాదాపు ఆరున్నర ఆంప్స్ లాగుతుంది, మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టే సాహసం చేయకండి. మాకు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ వేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చు షాపులో ఎవరూ చెప్పరు. రెండోది, డయల్ మీది అంకెను నమ్మలేం. నేను లోపల విడిగా ఓవెన్ థర్మామీటర్ పెట్టి చూస్తే 190 దగ్గర పెట్టినప్పుడు 200 దాటి చూపించింది, వెనక వైపు ఇంకా ఎక్కువ. అందుకే సగం టైములో గిన్నెను అటు తిప్పి ఇటు పెట్టాలి. మూడోది, పెట్టె బయట కూడా మండిపోతుంది, పైభాగం మీద చెయ్యి పెట్టలేం, చిన్నపిల్లలున్న ఇంట్లో టెన్షనే. ట్రే పట్టుకోవడానికి ఇచ్చే కొక్కెం గాజు గిన్నె బరువుకు పనికిరాదు, మందపాటి గుడ్డ గ్లవ్స్ విడిగా కొనుక్కోండి. టైమర్ టిక్ టిక్ మంటూ పక్క గదిలోకి వినిపిస్తుంది, అది నాకు నచ్చింది, ఇంట్లో ఇంకెవరికీ నచ్చలేదు.

కరెంటు గురించి అందరూ భయపెట్టారు. లెక్క వేస్తే, ముందు వేడి చేసే టైముతో కలిపి ముప్పావు గంట ఆగకుండా కాలినా యూనిట్ మీద కొంచెం. నిజానికి వేడి అందుకున్నాక రాడ్లు ఆగుతూ వెలుగుతూ ఉంటాయి కాబట్టి అంత కూడా కాదు. ఎండాకాలం మాత్రం పగటి పూట వాడను, నల్లగొండ ఎండలకు తోడు వంటింట్లో ఇదొకటా.

గాజు గిన్నె గురించి కూడా చెప్పాలి. బోరోసిలికేట్ గాజుదే కావాలి, మామూలు గాజు పగులుతుంది. అది కూడా ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్లో పెట్టొద్దు, తీశాక తడిగా ఉన్న గ్రానైట్ మీద దించొద్దు, కింద మడత పెట్టిన పొడి గుడ్డ ఉండాలి. గాజు లేకపోతే అల్యూమినియం కేకు టిన్ను, అంచున్న స్టీలు గిన్నె కూడా నడుస్తాయి, ప్లాస్టిక్ పిడి లేకుంటే చాలు.

ఇద్దరే ఉండే ఇంటికి 28 లీటర్లు దండగ, దానికంటే చిన్నది చాలు. నలుగురైదుగురు ఉండి, పండగకు చుట్టాలు దిగే ఇల్లయితే ఇంతకు తగ్గొద్దు. ఒకవేళ గాజు గిన్నె ముందే ఉంటే దాన్ని సంచిలో వేసుకుని షాపుకు పోండి, లోపల పెట్టి తలుపు మూసి చూసుకోండి, చెవులతో కలిపి పట్టాలి, చాలా ఓటీజీల్లో గిన్నె పడుతుంది కానీ ఆ చెవులే తలుపుకు తగులుతాయి.