అంబాసిడర్‌కి స్పిన్-ఆన్ ఆయిల్ ఫిల్టర్ అడాప్టర్: ఐదేళ్లు వాడాక నా మాట

మా ఇంట్లో ఒక అంబాసిడర్ మార్క్ 3 ఉంది. నాన్నగారు పోర్టులో చేసే రోజుల్లో కొన్న పెట్రోలు బండి, 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి విశాఖ పెదవాల్తేరులో మా వీధి చెట్లన్నీ పడగొట్టింది. బాదం కొమ్మ పడి టాప్ సొట్టపోయింది గానీ ఇంజిన్‌కి ఏమీ కాలేదు. ఆ సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది, తీయించబుద్ధి కాలేదు.

ఈ ఇంజిన్ ఆయిల్ మార్చిన అనుభవం ఉన్నవాళ్లకి ఫిల్టర్ గొడవ చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: డిస్ట్రిబ్యూటర్ ఉన్న వైపు, బ్లాక్‌కి ఒక ఇనప గిన్నె వేలాడుతూ ఉంటుంది. దాని మధ్యలోంచి పొడుగాటి బోల్టు. లోపల కాగితం ఎలిమెంట్, దాని కింద స్ప్రింగు, వాషరు, ఫెల్ట్ ముక్క. గిన్నె అంచు పైన ఒక గాడిలో కూర్చుంటుంది, ఆ గాడిలో రబ్బరు రింగు. బోల్టు వదులు చేయగానే గిన్నె ఒక పక్కకి ఒరుగుతుంది, వేడి నూనె అరచేతిలోంచి మోచేతి దాకా, అక్కణ్నుంచి చంకలోకి పోతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా అంతే. పైగా ఆ ఫెల్ట్ ముక్క ఎక్కడో జారిపోయినా ఎవరూ గమనించరు. అది లేకపోతే నూనె ఎలిమెంట్‌లోంచి వెళ్లకుండా పక్కనుంచి దారి చూసుకుంటుంది. కొత్త ఫిల్టర్ వేశామని మనం నిశ్చింతగా ఉంటాం, వడకట్టడం మాత్రం జరగదు.

అందుకే 2019లో అడాప్టర్ కొన్నాను. చూడ్డానికి అల్యూమినియం బిళ్ల. గిన్నె తీసేసి, అదే గాడిలో కొత్త రింగు పెట్టి, బోలు బోల్టుతో ఈ బిళ్లని బిగిస్తాం. కింద వైపు మరలున్న ముక్కు ఉంటుంది, ఇప్పటి కార్లలో లాంటి డబ్బా ఫిల్టర్‌ని (స్పిన్-ఆన్ అనేది దీన్నే) దానికి తిప్పి ఎక్కించుకోవడమే. నాకు మూడు వేలకి కాస్త తక్కువ పడింది. కొనేముందు ఒక మాట. "బి-సిరీస్‌కి సరిపోతుంది" అని రాసి ఉంటే చాలదు. పాత బ్రిటిష్ ఎంజీ కార్లలో కూడా ఇదే కుటుంబం ఇంజిన్లు ఉన్నాయి, వాటిలో ఫిల్టర్ హెడ్ (గిన్నె బిగిసే భాగం) రకాలు వేరువేరు. మీ బండి గిన్నె విప్పి, గాడి వ్యాసం కొలిచి, ఆ కొలత చెప్పి కొనండి.

బిగించింది మా పాత మేస్త్రి. డెబ్బై దగ్గర పడ్డారు, కంచరపాలెంలో ఇంటి ముందు రేకుల షెడ్డు. మొదట బిళ్లని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ ఇది, ఇన్నాళ్లూ గిన్నెతో బాగానే నడిచింది కదా" అన్నారు. నేను ఒప్పించాను. పాత రింగు తీశారు, గాడి గుడ్డతో తుడిచారు, కొత్త రింగు పెట్టి బిగించారు. స్టార్ట్ చేసిన రెండో నిమిషంలోనే బిళ్లకీ బ్లాక్‌కీ మధ్యనుంచి నూనె సన్నగా దిగడం మొదలైంది.

అడాప్టర్ నాసిరకం అనుకున్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. అంతా విప్పి, లోపలికెళ్లి గోనె సంచులు కుట్టే దబ్బనం తెచ్చుకుని, బండి కింద వెల్లకిలా పడుకుని గాడిలో గీకడం మొదలెట్టారు. బ్లాక్ ఇనుమే అనుకున్నది కొంచెం పెచ్చులా లేచింది. అది ఇంకో రింగు. ఎప్పుడో ఎవరో కింద పాతదాన్ని తీయకుండా దాని మీదే కొత్తది పెట్టేసి ఉంటారు. ఏళ్ల తరబడి వేడికి అది బేకలైట్‌లా గట్టిపడి, రంగు కూడా ఇనుములో కలిసిపోయింది. ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన ఆ ముక్కల్ని పారేయలేదు. పేపరు పరిచి, దాని మీద ఒక్కొక్కటీ గుండ్రంగా పేర్చారు. తొమ్మిది ముక్కలు. ఒకచోట చిటికెనవేలి గోరంత ఖాళీ కనిపించింది.

"ఇంకా లోపలే ఉంది బాబూ" అని మళ్లీ కిందికి వెళ్లారు.

ఆ పదో ముక్క కోసం పావుగంట పట్టింది. అది దొరికాక బిగిస్తే చుక్క కారలేదు. ఈ అడాప్టర్ పెట్టి "కారుతోంది" అని తిట్టుకునేవాళ్లు ముందు గాడిలో ఎన్ని రింగులున్నాయో చూడండి. టార్చ్ వేసి చూస్తే చాలదు, గుచ్చి చూడాలి. కాస్త వంపు తిరిగిన బిళ్ల వస్తే మాత్రం లేత్ మీద పెట్టి ముఖం సాపు చేయించుకోవాలి. గాజువాక ఆటోనగర్‌లో అరగంట పని.

ఫిల్టర్ ఎక్కించే ముందు దాని నిండా నూనె పోశాం, దాని రబ్బరుకి కొంచెం నూనె రాశాం. రబ్బరు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు, చేత్తోనే. పానా పెట్టొద్దు, తర్వాత విప్పడానికి మీరే ఏడుస్తారు. ఇంజిన్ అంటుకోకుండా కాయిల్ వైరు పీకేసి, ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేశాం.

ఇక వాడకం. ఐదేళ్లలో ఇరవై ఆరు వేల కిలోమీటర్లు తిరిగింది. ఆదివారాలు భీమిలి రోడ్డు, ఏడాదికి నాలుగైదుసార్లు సింహాచలం కొండ, రెండుసార్లు అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు. 20డబ్ల్యూ-50 నూనె, ఐదు వేల కిలోమీటర్లకో ఆర్నెల్లకో, ఏది ముందొస్తే అప్పుడు మారుస్తున్నాను. ఫిల్టర్ మార్చడం ఇప్పుడు ఇరవై నిమిషాల పని, చొక్కా కూడా మార్చుకోను. ఈ ఒక్క విషయంలో అడాప్టర్ పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది.

అంతకు మించి ఆశించొద్దు. "స్పిన్-ఆన్ పెట్టాక ఆయిల్ ప్రెషర్ పెరిగింది" అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. నా బండిలో విడిగా పెట్టించిన గేజ్ ఉంది. ఇంజిన్ వేడెక్కాక నడుస్తుంటే 50 పీఎస్‌ఐ దరిదాపుల్లో, ఐడ్లింగ్‌లో 15 నుంచి 18. గిన్నె ఉన్నప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. ప్రెషర్‌ని నిర్ణయించేది పంపు, ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్, బేరింగుల అరుగుదల. ఫిల్టర్ డబ్బా మారిస్తే అరిగిన బేరింగు తిరిగి రాదు. అలాగే ఇంజిన్ వెనకనుంచి పడే చుక్కలు కూడా ఆగవు. ఈ మూడు మెయిన్ బేరింగుల ఇంజిన్‌లో క్రాంక్ వెనక రబ్బరు సీలు లేదు, నూనెని వెనక్కి తిప్పే స్క్రోల్ మరలే ఉన్నాయి. మా ఇంటి ముందు గచ్చు మీద నల్ల మచ్చ నా చిన్నప్పటినుంచీ ఉంది, ఇకముందూ ఉంటుంది.

ఇప్పుడు అసలు టెన్షన్ పడిన సంగతి. రెండో ఏడు ఫిల్టర్ అయిపోయి ఒక దుకాణానికి వెళ్లి పాతది చూపించాను. కుర్రాడు సైజు చూసి మారుతి 800ది ఒకటి తీసి, "ఇదే సార్, రబ్బరు సైజు సేమ్" అన్నాడు. ఇంటికొచ్చి ఎక్కిస్తే చక్కగా తిరిగింది. మరీ చక్కగా తిరిగింది. చివరకి వచ్చాక పట్టుకుని ఊపితే వదులైన కట్టుడు పళ్లలా కటకటలాడింది. కొంచెం గట్టిగా తిప్పితే బిగుసుకున్నట్టే అయి, టక్కున ఒక మర జారింది. నా గుండె కూడా జారింది. అప్పుడు వెర్నియర్ పెట్టి కొలిచాను. అడాప్టర్ ముక్కు మరలు ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 మరలు. ఆ ఫిల్టర్ రంధ్రం 20 మిల్లీమీటర్ల కొలతది, మర దూరం 1.5. రెండూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. నడుస్తుండగా అది ఊడిపోతే ఉన్న నూనంతా క్షణాల్లో రోడ్డు మీద ఉంటుంది. ముల్లు సున్నాకి పడటం మనం చూసేలోపే బేరింగులు పోతాయి. దుకాణంలో "ఏ కారుది" అని అడిగితే కారు పేరు చెప్పకండి. "ముప్పావు అంగుళం, పదహారు మరలు" అని చెప్పండి. నేనైతే అదే కొలత బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్తాను. ఫిల్టర్ రంధ్రంలోకి దాన్ని తిప్పి, వదులుగా ఊగుతుందేమో చూస్తాను. దుకాణం వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఇంకా రెండు చూసుకోవాలి. బైపాస్ వాల్వ్ బండి ఫిల్టర్ హెడ్‌లోనైనా, అడాప్టర్‌లోనైనా, ఫిల్టర్‌లోనైనా ఎక్కడో ఒకచోట ఉండాలి. లేకపోతే ఫిల్టర్ మూసుకుపోయిన రోజు నూనెకి దారి ఉండదు. నాది ఫిల్టర్ కిందికి వేలాడే రకం కాబట్టి బండి ఆపినా నూనె డబ్బాలోనే నిలుస్తుంది. పక్కకి పడుకోబెట్టే అడాప్టర్ కొంటే, నూనె వెనక్కి జారకుండా లోపల రబ్బరు వాల్వ్ ఉన్న ఫిల్టర్ తప్పనిసరి.

విశాఖలో ఉండేవాళ్లకి ఇంకో బాధ ఉప్పుగాలి. పాత ఇనప గిన్నె మందం, నలభై ఏళ్లకి పైబడినా తుప్పు దాన్నేమీ చేయలేకపోయింది. ఈ డబ్బా ఫిల్టర్ రేకు పల్చన. మాకు బీచ్ నడిచెళ్లే దూరం, మూడు నెలలకే అంచు మడత దగ్గర ఎర్రగా చుక్కలు లేచాయి. ఇనప బ్లాక్‌కి అల్యూమినియం ఆనుకున్నచోట తెల్లటి పొడి కడుతుంది. నెలకోసారి నూనె గుడ్డతో తుడుస్తాను, ఇంతవరకు ఇబ్బంది రాలేదు. ఊరికి లోపల, మర్రిపాలెం వైపు ఉన్న మా బావమరిది బండికి ఈ పని అక్కర్లేకపోయింది.

గిన్నెని తల్చుకునేది ఒక్క విషయంలో. అప్పట్లో గిన్నె అడుగున వేలు పెట్టి తీస్తే ఇంజిన్ ఆరోగ్యం తెలిసేది. మెరిసే పొడి ఉంటే బేరింగు పని మొదలైందని అర్థం. డబ్బా ఫిల్టర్‌లో ఆ వీలు లేదు. ఒకసారి హ్యాక్సాతో కోసి చూశాను, లోపల సన్నటి ఇనప పొడి కనిపించి బెంబేలెత్తిపోయాను. తీరా అందులో ఏది ఇంజిన్‌దో ఏది రంపంపొడో తేలలేదు. మేస్త్రి నవ్వి, "అయస్కాంతం పెట్టు బాబూ. అంటుకున్నది రంపంది కావచ్చు, అంటుకోనిది బేరింగుది కావచ్చు" అన్నారు. ఏదీ అంటుకోకుండా మిగల్లేదు. ఆ తర్వాత రేకు కత్తెరతోనే కోస్తున్నాను.

పాత గిన్నె, బోల్టు, స్ప్రింగు, ఫెల్ట్ ముక్కలతో సహా బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటక మీద ఉంచాను. అమ్ముతారా అని ఇద్దరు అడిగారు. ఇవ్వలేదు.