రాట్నం ముందు ఏది మేలు: స్టూలా, చేతుల్లేని కుర్చీయా?

తొక్కుడు రాట్నం మీద నూలు వడికేవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే: "అరగంట కాగానే నడుం పట్టేస్తోంది, స్టూలు మానేసి మంచి కుర్చీ కొనమంటారా?" చాలాకాలం స్టూలు మీదే వడికి, ఈమధ్యే చేతుల్లేని చెక్క కుర్చీకి మారాను కాబట్టి రెండింటి సంగతీ చెప్పగలను.

స్టూలు మీద జారగిలబడే వీలుండదు, వెన్ను తనంతట తానే నిటారుగా నిలుస్తుంది. చేతిని బాగా వెనక్కి లాగి దారం తీసేవాళ్లకి మోచేతికి ఏ అడ్డూ ఉండదు. ఇబ్బంది వెన్ను అలిసిపోయాక మొదలవుతుంది. భుజాలు ముందుకు వాలతాయి, మెడ రాట్నం వైపు సాగుతుంది. ధ్యాసంతా దారం మీదే ఉంటుంది కాబట్టి ఎంత వంగిపోయామో లేచినప్పుడు గానీ తెలియదు.

కుర్చీలో అయితే ఆ అలసట వేళకి నడుం ఆనించుకునే చోటు ఉంటుంది. చేతులున్న కుర్చీ మాత్రం వద్దు. మోచేయి తగలకుండా భుజం పైకెత్తి వడకడం అలవాటై, నొప్పి మెడకి ఎక్కుతుంది.

అయితే నా దృష్టిలో వీపు ఆనించుకోవడం కంటే ముందు చూడాల్సింది సీటు ఎత్తు. వేరే పనులకైతే కుర్చీ ఎత్తయినా కాళ్ల కింద పీట వేసుకుని సరిపెట్టుకుంటాం. ఇక్కడ పాదాలు పెడల్ మీదే ఉండాలి, ఆ వెసులుబాటు లేదు. పెడల్ పైకి లేచినప్పుడు మోకాలు తుంటిని దాటి పైకి పోతోందంటే సీటు పొట్టిది. తొక్కిన ప్రతిసారీ తుంటి ముడుచుకుని నడుం గూనిలా వంగుతుంది. పెడల్ కిందికి దిగినప్పుడు మడమ లేచి, వేళ్లతో అందుకోవాల్సి వస్తోందంటే సీటు ఎత్తు ఎక్కువ. అంచు తొడ కింద ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

కొనే ముందు ఒక పని చేయండి. పొట్టి స్టూలు మీద దుప్పట్లు మడిచి ఒక్కొక్కటే పెంచుకుంటూ పోండి. హాయిగా తొక్కగలిగిన చోట ఆగి, కూర్చున్నప్పుడు నేల నుంచి సీటు దాకా ఎంతుందో ఎవరిచేతైనా కొలిపించండి. మీకు కావలసిన ఎత్తు అదే. మామూలు భోజనాల బల్ల కుర్చీ దాదాపు 45 సెంటీమీటర్లు ఉంటుంది, పెడల్ బాగా కిందికి ఉన్న రాట్నాలకి ఇది చాలామందికి ఎక్కువ. చెక్క కుర్చీ నాకు నచ్చడానికి పెద్ద కారణం కూడా ఇదే, కాళ్లు కోయించుకోవచ్చు. నాది రెండు అంగుళాలు కోయించాక గానీ నడుం నొప్పి తగ్గలేదు.

రాట్నాన్ని దగ్గరకి లాక్కోండి, దాని వైపు మీరు వంగకండి. ఒక్క పెడలే ఉన్న రాట్నమైతే మధ్యమధ్యలో కాలు మార్చండి. లేకపోతే నడుం ఒకవైపే తిరిగి ఉండిపోతుంది.

స్టూలు ఎత్తు కుదిరి, అరగంటకోసారి లేచే అలవాటున్నవాళ్లు కుర్చీ కొనక్కర్లేదు. వడికిన దారం చుట్టుకునే కండె నిండేదాకా లేవలేని నాలాంటివాళ్లకి కుర్చీయే మేలు.

చక్రాల ఆఫీసు కుర్చీ ఎత్తు మార్చుకోవడానికి బాగుంటుంది గానీ, తొక్కినప్పుడల్లా వెనక్కి జరుగుతుంది. సోఫాలో మనిషి దిగబడిపోతాడు కాబట్టి అది వద్దే వద్దు.