నకలయ్యే ఆర్‌ఎన్‌ఏ: స్పీగెల్‌మన్ దారి, జాయిస్ దారి

రాత్రి పాలలో చెంచాడు పెరుగు తోడు వేయడం చిత్తూరు జిల్లాలో ఎవరికీ నేర్పక్కర్లేదు. 1967లో శాస్త్రవేత్త సోల్ స్పీగెల్‌మన్ బృందం ఆర్‌ఎన్‌ఏతో, అంటే జన్యు సమాచారం మోసే గొలుసులాంటి అణువుతో, చేసింది దాదాపు అదే. ఒక గొట్టంలో క్యూబీటా అనే, బ్యాక్టీరియాకు సోకే వైరస్ ఆర్‌ఎన్‌ఏ, దాన్ని నకలు తీసే ఎంజైము (రసాయన చర్యను నడిపే అణువు), ఆర్‌ఎన్‌ఏ గొలుసుకు కొక్కేలైన నాలుగు రకాల న్యూక్లియోటైడ్లు వేశారు. కొన్ని నిమిషాలయ్యాక కాస్త తీసి కొత్త గొట్టంలో తోడు. త్వరగా నకలైనదే ముందుకు వెళ్తుంది. 74వ తోడుకల్లా ఆర్‌ఎన్‌ఏ తన పొడవులో 83 శాతం వదిలేసుకుంది! వైరస్‌గా బతికే పని లేదు కాబట్టి పొట్టిదే గెలిచింది. ఎంపిక ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకంటే తేటైన ప్రయోగం లేదు. కానీ ఆ ఎంజైము ప్రొటీన్, బయటినుంచి తెచ్చిపెట్టినది. జీవం పుట్టుకను ఇది వివరించదు.

అందుకే పుట్టుక ప్రశ్నకు 2009లో లింకన్, జాయిస్ పట్టిన దారే దగ్గర అంటాం. అక్కడ ప్రొటీన్ లేదు, ఎంజైము పని తామే చేసే రెండు ఆర్‌ఎన్‌ఏలే. మొదటిది రెండు ఆర్‌ఎన్‌ఏ ముక్కలను అతికించి రెండోదాన్ని తయారుచేస్తుంది, రెండోది మొదటిదాన్ని. మెగ్నీషియం ఉన్న ద్రావణంలో, 42 డిగ్రీల దగ్గర, అంటే తిరుపతి మే ఎండలో, గంటకు రెట్టింపవుతాయి. ఇలాంటి 12 జతలు కలిపి వదిలితే, ముక్కలు తారుమారుగా అతుక్కుని, మొదట వేయని కలయికలే పైచేయి సాధించాయి. చిక్కల్లా ముక్కలతోనే: మనం అందించినవి తప్ప కొత్త ముక్క పుట్టదు.

రెండింటికీ చేతొడుగులు తప్పనిసరి. వేలి చర్మం మీది ఆర్‌ఎన్‌ఏజ్, అంటే ఆర్‌ఎన్‌ఏను తెంపే ఎంజైము, తగిలితే గొట్టంలో తుంపులే మిగులుతాయి.