సనానా, బోమానా? నాలుగు ప్రయాణాల తర్వాత బరంపురం నుంచి ఒక మాట

స్వాహిలీ భాషలో బోమా అంటే పశువుల దొడ్డి. జీకో అంటే పొయ్యి. సనా అంటే కళ. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో ఈ పేర్లతో మూడు రెస్టారెంట్లు ఉన్నాయి. మూడూ ఆఫ్రికా వేషం వేసుకున్నవే. ఫోన్లో ఫొటోలు చూస్తే ఏది ఏదో తెలియదు, అన్నిట్లోనూ అదే చెక్క, అదే మట్టిరంగు. ఇవి చాలవన్నట్టు నాలుగోది టస్కర్ హౌస్, అది పక్కనున్న యానిమల్ కింగ్‌డమ్ పార్కు లోపల ఉంటుంది.

బరంపురంలో మాది అప్పడాలు, ఊరగాయల కొట్టు. ఇప్పుడు కొట్టుకొచ్చేవాళ్లలో ఎవరి పిల్లలో ఒకరు అమెరికాలో ఉంటూనే ఉన్నారు. "షావుకారుగారూ, మీరు నాలుగుసార్లు వెళ్లొచ్చారు కదా, ఏది బుక్ చెయ్యమని మా అబ్బాయికి చెప్పమంటారు?" అని పావుకిలో మాగాయ తూయించుకుంటూ అడుగుతారు. బేరం మధ్యలో చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి టాంపాలో ఉంటుంది. అక్కణ్ణుంచి డిస్నీకి కారులో గంటన్నర దూరం. 2014లో, 2017లో, 2019లో, మళ్లీ 2023లో వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ డిస్నీకి ఒకటి రెండు రోజులు తప్పవు, మనవలు ఊరుకోరు. నేనూ మా ఆవిడా శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. అల్లుడు, మనవడు అన్నీ తింటారు. అమ్మాయి ఇంట్లో ఒకలాగ, బయట ఒకలాగ. ఆ లెక్కలు నేను అడగను. ఇలాంటి కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి కాబట్టి మా అనుభవం మీకు పనికొస్తుందనే అనుకుంటున్నాను.

ముందు డబ్బు సంగతి. టస్కర్ హౌస్‌లో తినాలంటే ఆ రోజుకి పార్కు టికెట్ ఉండాలి. లాడ్జ్‌లో ఉన్న మూడింటికీ టికెట్ అక్కర్లేదు, అక్కడ గది కూడా తీసుకోనక్కర్లేదు. బుకింగ్ ఉంటే చాలు, గేటు దగ్గర చూపించి లోపలికి వెళ్లొచ్చు, కారు పెట్టుకోవచ్చు. 2014లో ఇది మాకు తెలియదు. పార్కుకి వెళ్లిన రోజే తినాలేమో అనుకుని ఎండలో తిరిగి తిరిగి, సొమ్మసిల్లిన పిల్లల్ని ఈడ్చుకుంటూ భోజనానికి వెళ్లాం. తర్వాత నుంచి పార్కు లేని రోజునే లాడ్జ్‌కి పెట్టుకుంటున్నాం. స్నానం చేసి, పంచె కట్టుకుని మరీ వెళ్లాను ఒకసారి. ఎవరూ వింతగా చూడలేదు.

టస్కర్ హౌస్ గురించి చెప్పాల్సింది తక్కువ. అక్కడికి వెళ్లేది తిండి కోసం కాదు, డోనాల్డ్ బాతు కోసం. సఫారీ బట్టలు వేసుకుని డోనాల్డ్, మిక్కీ, గూఫీ బల్ల బల్లకీ వస్తారు. మనవరాలికి ఆరేళ్లప్పుడు అది స్వర్గం. పదేళ్లొచ్చాక "తాతయ్యా, లోపల మనిషుంటాడు" అని నాకే చెప్పింది. పిల్లలు చిన్నవాళ్లయితే ఒక్కసారి వెళ్లండి.

జీకో సంగతి ఇంకా తక్కువ. అమ్మాయి పెళ్లిరోజుకి ఒకసారి వెళ్లాం. దీపాలు తక్కువ, ధర ఎక్కువ. దక్షిణాఫ్రికా వైన్లకి పేరున్న చోటు. వైన్ ముట్టని మాలాంటి వాళ్లకి అక్కడ సగం మెనూ లేనట్టే. రాత్రిపూట మాత్రమే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఉన్న జంటలకి నచ్చుతుందనుకుంటాను.

ఇక పోటీ అంతా బోమాకీ సనాకీ మధ్యనే.

బోమా బఫే. పొద్దున, రాత్రి ఉంటుంది, మధ్యాహ్నం ఉండదు. ఇప్పుడు రాత్రి భోజనం తలకి 60 డాలర్ల దరిదాపు. దాని మీద ఆరున్నర శాతం పన్ను, ఆ పైన టిప్పు. ఆరుగురు, అంతకు మించి ఉంటే 18 శాతం టిప్పు వాళ్లే బిల్లులో వేసేస్తారు, చూసుకోకుండా మళ్లీ ఇవ్వకండి. మేం ఒకసారి ఇచ్చాం. 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకి పిల్లల ధర. పదేళ్లు నిండితే పెద్దవాళ్ల లెక్కే. మనవడికది నష్టం కాదు, 2023లో వాడు తిన్న తిండికి వాళ్లే నష్టపోయి ఉంటారు. మనవరాలు మాత్రం రెండు గరిటెల మాకరోనీ తిని పెద్దవాళ్ల ధర కట్టించింది.

తిండి విషయానికొస్తే, బోమాలో సూపుల వరస ఉంది చూడండి, అక్కడే నేను ఆగిపోతాను. మేం వెళ్లినప్పుడు పప్పుతో చేసినవీ, గుమ్మడితో చేసినవీ ఉన్నాయి. పుచ్చకాయ తొక్క దగ్గరుండే తెల్లటి భాగంతో సలాడ్ పెడతారు. మన ఇళ్లలో దాంతో కూర, పచ్చడి చేసుకుంటాం, ఇప్పటి కోడళ్లు పారేస్తున్నారు. అక్కడ డాలర్లు పోసి తింటే మా ఆవిడకి ఒకటే నవ్వు. మొక్కజొన్న పిండితో గట్టిగా వండే పాప్ అనే ముద్ద, పక్కన చకలక అని టమాటా, మిరప, కూరగాయల కలగూర. రాగిసంకటి మీద పులుసు పోసుకున్నట్టే ఉంటుంది, ఉప్పు ఒకటి చూసుకోవాలి. అల్లుడు డర్బన్ మసాలా పెట్టి కాల్చిన కోడి తిని, "మామయ్యగారూ, ఇది మన మసాలాయే" అన్నాడు. అయ్యుండొచ్చు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న నాటాల్ చెరకు తోటలకి ఓడలెక్కిన కూలీల్లో మన గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. డర్బన్ కూర అంటే ఆ వంటిళ్లలోంచి వచ్చిందే మరి.

బోమాలో శాకాహారులకి ఒక సుఖం ఉంది. ముందే చెబితే వంటాయన బయటికొచ్చి, మనతో పాటు వరస వెంబడి నడిచి, ఏది తినొచ్చో ఏది కూడదో వేలుపెట్టి చూపిస్తాడు. ఇది తప్పకుండా అడగండి. పేరు చెప్పను గానీ, వేరే ఊళ్లో ఇలాగే వేషం వేసుకున్న ఒక హోటల్లో "అన్నంలో మాంసం లేదు" అన్నారు, నిజమే, ముక్క లేదు. సగం తిన్నాక తెలిసింది, అన్నం ఉడికించింది కోడి ఉడికిన నీళ్లలో. అప్పట్నుంచి "మాంసం ఉందా" అని కాదు, "దేంతో ఉడికించారు" అని అడుగుతున్నాను.

జీబ్రా డోమ్ అనే తీపి గురించి ఒక హెచ్చరిక. తెల్ల చాక్లెట్ పూత మీద నల్ల చారలతో, గుప్పిట్లో పట్టేంత బుల్లి గోపురం. లోపల కాఫీ రుచి నురగ. దానికి అక్కడ పెద్ద పేరు. మా ఆవిడ రెండు తిని మూడోదానికి లేవబోతుంటే మనవడు ఫోన్లోంచి తలెత్తి, "అమ్మమ్మా, అందులో అమరూలా వేస్తారట" అన్నాడు. అమరూలా అంటే ఏదో పండురసం అనుకుంది పాపం. పండే, మరూలా పండు. కాకపోతే దాంతో చేసిన మద్యం. ఆ రాత్రంతా "నాకేమైనా తూలుతున్నట్టుందా?" అని అడుగుతూనే ఉంది. అడక్కుండా తినడం మా తప్పే. తీపి వంటల్లో జెలటిన్ ఉందేమో కూడా అడిగి తీసుకోండి.

మరి బోమాలో లేనిదేమిటంటే జంతువులు కనిపించే కిటికీ. అంత దూరం వెళ్లి ఆఫ్రికా జంతువుల మధ్య హోటల్లో కూర్చుని, తింటున్నంతసేపూ పక్క బల్లవాళ్ల వీపులు చూస్తాం.

సనా వేరే భవనంలో ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. బోమా, జీకో ఉన్నది జాంబో హౌస్, 2001లో కట్టింది. సనా ఉన్నది కిదాని విలేజ్, 2009లో వచ్చింది. రెండిటికీ మధ్య పది నిమిషాల నడక. మొదటిసారి మేం జాంబోలో దిగి సనా కోసం మెట్లెక్కి దిగి, చివరికి ఒక తోటమాలి దారి చూపిస్తే చేరాం.

సనాలో బల్ల దగ్గర కూర్చుంటే అద్దాల అవతల మైదానం. జిరాఫీలు, జీబ్రాలు, అంకోలే ఆవులు. ఆ ఆవుల కొమ్ములు చూడాలి, ఒక్కొక్కటీ మనిషి చెయ్యంత పొడవు, మొదట్లో మానంత లావు. మన గంజాం జిల్లాలో భేట్‌నోయి వైపు వెళ్తుంటే పొలంగట్ల మీద కృష్ణజింకలు నడిచిపోతాయి చూశారా, ఊరివాళ్లు వాటినేమీ అనరు, పంట మేసినా ఊరుకుంటారు. అలా అడ్డేమీ లేనట్టే ఉంటుంది సనాలో. నిజానికి అడ్డు ఉంది, కందకాలు తవ్వి కనపడకుండా దాచారు. తెలిసినా చూడబుద్ధేస్తుంది.

కానీ చీకటి పడితే ఆ కిటికీకి విలువ చాలావరకు పోతుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దుగూకుతుంది. జూన్‌లో ఎనిమిది దాటినా వెలుగుంటుంది. 2017 డిసెంబరులో ఏడింటికి బుక్ చేసుకుని వెళ్లి, అద్దంలో మా ముఖాలే చూసుకుంటూ తిన్నాం. చలికాలమైతే మధ్యాహ్నం వెళ్లండి, సనాలో మధ్యాహ్నం కూడా తిండి ఉంటుంది.

సనా పేరు ఆఫ్రికాదే గానీ వంటింట్లో తందూరు ఉంటుంది. అదెలాగ అని మా ఆవిడ అడిగింది. తూర్పు ఆఫ్రికా తీరంలోని మొంబాసా నుంచి రైలు మార్గం వేయడానికి 1896కీ 1901కీ మధ్య బ్రిటిష్‌వాళ్లు మనదేశం నుంచి 30,000 మందికి పైగా కూలీల్ని తీసుకెళ్లారు. అంతకు ఎంతో ముందునుంచే గుజరాతీ వర్తకులు ఆ తీరంలో ఉన్నారు. ఇవాళ స్వాహిలీలో చపాతీని చపాతీ అనే అంటారు, సమోసాని సంబూసా అంటారు. కాబట్టి అక్కడ నాన్ ఉండటం వింతేమీ కాదు.

సనాకి పేరు తెచ్చిందే ఆ రొట్టెల పళ్లెం. ఐదు రకాల రొట్టెలు, తొమ్మిది రకాల నంజుళ్లు. అన్నీ కలిపి తీసుకుంటే 2023లో 20 డాలర్లు దాటింది. ముగ్గురికి సరిపోతుంది, మేం ఇద్దరం దాంతోనే భోజనం ముగిస్తాం. ఊరగాయల కొట్టువాడిని కాబట్టి ఆ తొమ్మిదింటి గురించి కాస్త ఎక్కువ చెప్తే ఓర్చుకోండి. వెల్లుల్లి ఊరగాయ బాగుంటుంది. ఆవపిండి ఘాటు లేదు, నూనె మన లెక్కన తక్కువ, కానీ వెల్లుల్లి మెత్తబడిన తీరు చూస్తే చేసినవాడికి ఓపిక ఉందని తెలుస్తుంది. నిమ్మకాయ, హాలపేన్యో మిరపకాయ కలిపిన ఊరగాయ నాలిక మీద పది నిమిషాలు నిలుస్తుంది, మా మనవడు దానికి భయపడతాడు. ఎర్ర మిరప సంబల్ ఫరవాలేదు. కొత్తిమీర, చింతపండు పచ్చళ్లు మామూలే. మామిడి చట్నీ నాకు పనికిరాదు, బెల్లం పాకంలో మామిడిని ముంచినట్టుంటుంది. దోసకాయ రాయితా కారం తగ్గించుకోడానికి. సెనగలతో చేసే హమ్మస్ పిల్లలకి.

తొమ్మిదోది టమాటా, ఖర్జూరం కలిపి చేసిన జామ్. అది నోట్లో పెట్టుకోగానే మేమిద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. ఇది మన ఒడియా పెళ్లిభోజనాల్లో చివర్లో వడ్డించే టమాటా ఖజూరీ ఖట్టాయే! పంచఫోరన్ పోపు ఒకటి లేదు, మిగతాదంతా అదే. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకి ఖట్టా లేని విందు విందు కాదు. మనవడికి మాత్రం లెక్క తిరగబడింది. 2022లో మా తమ్ముడి కూతురి పెళ్లికి వచ్చి, విస్తట్లో ఖట్టా పడగానే "సనా వాళ్లది ఇక్కడ కూడా చేస్తారా?" అన్నాడు. వడ్డించే కుర్రాడికి తెలుగు వచ్చు గానీ సనా ఏమిటో తెలియక, ఇంకో గరిటె వేసి ముందుకెళ్లాడు.

ఎవరికి ఏది అని అడిగితే, ఇంట్లో అందరి తిండీ తలో రకమైతే, ఆకలి మీద ఉన్న కుర్రాళ్లుంటే బోమా. పెద్దవాళ్లు, తక్కువ తినేవాళ్లు, ఒకచోట కూర్చుని బయటికి చూస్తూ కబుర్లు చెప్పుకునేవాళ్లు అయితే సనా, అదీ వెలుగుండగా. రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోకండి, రెండోసారికి ఆఫ్రికా మొహం మొత్తుతుంది. మేం 2019లో వరస రోజుల్లో రెండూ తిని, మూడోరోజు అమ్మాయి ఇంట్లో చారన్నం కోసం గొడవ పెట్టాం.

బుకింగ్ ఒకప్పుడు 180 రోజుల ముందు తెరిచేవారు, ఇప్పుడు 60 రోజుల ముందు. అక్కడి తెల్లవారుజామున మొదలవుతుంది. అంటే మనకి మధ్యాహ్నం భోజనం వేళ దాటాక. అల్లుడికి నిద్ర పాడెందుకని పోయినసారి నేనే కొట్టులో కూర్చుని ఫోన్లో చేశాను. ముందు చెప్పకుండా వెళ్లడం మానేస్తే తలకి 10 డాలర్లు కోస్తారు, అది చూసుకోండి.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. నేను సనాలో మధ్యాహ్నం రెండింటికి అంటున్నాను. మా ఆవిడ బోమా అంటోంది. సూపుల కోసమట. మద్యం వేయని డోమ్ ఉందేమో ముందే కనుక్కోమని అమ్మాయికి రహస్యంగా ఫోన్ చేసినట్టు నాకు నిన్ననే తెలిసింది.