24 ఇంచుల ఐపీఎస్ మానిటర్: మంచిదే, కానీ డబ్బాల నుంచి తీసినట్టే వాడొద్దు

నల్లగొండల క్లాక్ టవర్ దిక్కు ఫ్లెక్సీలు, పెండ్లి కార్డుల డిజైన్ పని నాది. పాత మానిటర్ పోతే ఇది తీస్కున్న, 1920 ఇంటు 1080 చుక్కల రిజల్యూషన్, ఐపీఎస్ ప్యానెల్ (పక్కకెల్లి సూసినా రంగు అంతగ మారని స్క్రీన్), 100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద సార్లు బొమ్మ మారుస్తది. కంపెనీ పేరు రాస్తలేను, ఈ రేటుల దొరికేటియి చాన వరకు ఇదే తీరుగ ఉంటయి.

ఆన్ చెయ్యంగనే బొమ్మ నచ్చలేదని రిటర్న్ పెట్టేటోళ్లు జర ఆగుండ్రి. ఫ్యాక్టరీ సెట్టింగ్ షోరూంల పది మానిటర్ల నడుమ కండ్లవడాలని పెట్టింది: బ్రైట్‌నెస్ 100, పిక్చర్ మోడ్ వివిడ్, డైనమిక్ కాంట్రాస్ట్ (బొమ్మను బట్టి వెలుతురు దానంతటదే పెంచి తగ్గించేది) ఆన్. తెల్ల పేజీ తెరిస్తే ట్యూబ్‌లైట్ మొఖం ముంగట పెట్టినట్టే. బ్రైట్‌నెస్‌కు నంబర్ ఎవ్వర్నీ అడగొద్దు, స్క్రీన్ పక్కన ఒక తెల్ల కాయితం పట్టుకొని రెండు తెలుపులు దగ్గర దగ్గర వచ్చేదాక తగ్గించుకుంట పోవాలె. మా షాపుల పగలు 45, షట్టర్ సగం దించినంక 25 సరిపోతది.

షార్ప్‌నెస్ సంగతి తెలుగు టైప్ చేసేటోళ్లకు ఇంకా ముఖ్యం. శ్రీలక్ష్మి అని చిన్న సైజుల కొట్టి దగ్గర్కి పోయి సూడుండ్రి, క్ష కింద మ ఒత్తు చుట్టూ సన్నటి తెల్ల గీత కనవడ్తే షార్ప్‌నెస్ ఎక్కువైనట్టే. దీంట్ల 70 పెట్టి పంపిండ్రు, 50కి తెస్తే గీత పోయింది. తర్వాత విండోస్‌ల క్లియర్‌టైప్ (అక్షరాల అంచులు సాఫ్ చేసే సెట్టింగ్) అని సెర్చ్ కొట్టి, అది సూపెట్టే ముక్కలల్ల మన కంటికి మంచిగున్నది ఎంచుకుంట పోతే అక్షరం సాఫ్ అయితది. రిజల్యూషన్ మాత్రం 1920 ఇంటు 1080 కంటే తగ్గించొద్దు, అక్షరాలు పెద్దగ కావాల్నంటే స్కేలింగ్ 125 పెట్టుకోవాలె, రిజల్యూషన్ తగ్గిస్తే అంతా మసక మసకైతది.

ఇగ రంగులు. వివిడ్ మోడ్ల మెరూన్ కార్డు ఎర్రగ ధగధగ మెరుస్తది, ప్రింటయినంక కస్టమర్ కొట్లాటకొస్తడు. ఎస్ఆర్‌జీబీ మోడ్, అంటే స్క్రీన్ రంగులకు అందరు వాడే కొలత, పెడితే రంగులు సక్కగొస్తయి కానీ ఈ మానిటర్ల అప్పుడు బ్రైట్‌నెస్ లాకైపోతది, ఎందుకు చేస్తరో ఏమో. అందుకే మనమే సెట్ చేసుకునే యూజర్ మోడ్ పెట్టిన, కలర్ టెంపరేచర్ (తెలుపు పసుపు దిక్కా నీలం దిక్కా అనేది) 6500, గామా (నడిమి షేడ్ల వెలుతురు) 2.2, బ్లూ లైట్ ఫిల్టర్ బంద్. ఇంత చేసినా స్క్రీన్ వెలుతురుతోని రంగు సూపెడ్తది, ప్రెస్సు సిరాతోని, కాబట్టి స్క్రీన్ మీద మెరిసే నియాన్ ఆకుపచ్చ మామూలు సీఎంవైకే (నాలుగు రంగుల సిరా) ప్రింట్ల రాదు, కస్టమర్‌కు ముందే చెప్పాలె.

నలుపు బూడిద లెక్క కొడ్తున్నదని తిట్టేటోళ్లు ఒకసారి గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్ల చూడుండ్రి. హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే కొన్నిసార్లు ఆ కార్డు మానిటర్‌ను టీవీ అనుకొని నలుపు నుంచి తెలుపు దాక 16 నుంచి 235 రేంజే పంపుతది, దాన్ని ఫుల్, అంటే 0 నుంచి 255 చెయ్యాలె. పెండ్లికొడుకు నల్ల కోటుల మడతలు అప్పుడు కనవడ్డయి నాకు. 100 హెర్ట్జ్ అని పైసలు పెట్టి కొన్నా విండోస్ 60 మీదనే నడిపిస్తుండె, డిస్‌ప్లేల అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు పోయి మార్చిన, మౌస్ కదలికల తేడా ఎంటనే తెలుస్తది. ఓవర్‌డ్రైవ్ (చుక్కల రంగు జల్ది మార్చే సెట్టింగ్) నార్మల్ చాలు, ఎక్కువ పెడితే స్క్రోల్ చేస్తుంటే అక్షరాల ఎనక తెల్ల నీడ వస్తది.

బాగలేనియి: డబ్బాల ఇచ్చింది వీజీఏ కేబుల్, అది అనలాగ్, అంటే పాత తీరు సిగ్నల్, అక్షరం అంచులు కుదురుగ ఉండయి, హెచ్‌డీఎంఐ వేరే కొనాలె. బటన్లు కింది అంచు ఎనకకు పెట్టిండ్రు, ఎత్క ఎత్క నొక్కాలె. స్టాండ్ ఎత్తు మారదు, నేనైతే రెండు ఏ4 రీములు కింద పెట్టిన.

5కు 4 స్టార్లు. కట్ చేసిన ఒక్కటి ఆ కేబుల్‌కు, స్టాండ్‌కు కలిపి.