లైకా ఎం11: ఎర్ర బొట్టుకు ఎంత, కెమెరాకు ఎంత?

ముందువైపు ఎర్ర బొట్టు లైకా కంపెనీ గుర్తు. ఆ కంపెనీ కెమెరా ఎం11 2022 జనవరిలో వచ్చినప్పుడు అమెరికాలో బాడీ ధర 8,995 డాలర్లు. లెన్స్ విడిగా కొనుక్కోవాలి. అంత పోసినా ఆటోఫోకస్ ఉండదు, వీడియో ఉండదు, చెయ్యి వణికితే సర్దుకునే స్టెబిలైజేషన్ కూడా బాడీలో లేదు. 60 మెగాపిక్సెల్ సెన్సర్ చాలా బాగుంటుంది గానీ, ఆ నాణ్యత ఇందులో సగం ధరకే సోనీలో దొరుకుతుంది.

డబ్బంతా రేంజ్‌ఫైండర్‌కి, అంటే కంటితో చూస్తూ చేత్తో ఫోకస్ కుదుర్చుకునే ఏర్పాటుకి. వ్యూఫైండర్ మధ్యలో ఉండే చిన్న గడిలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పుతూ పోతే ఆ రెండూ ఒకటవుతాయి, ఫోకస్ కుదిరినట్టే. 35 ఎంఎం లెన్సయితే అదీ అక్కర్లేదు. లెన్స్ రంధ్రం (అపెర్చర్) ఎఫ్/8కి పెట్టి, దూరం 3 మీటర్ల దగ్గర వదిలేస్తే మామూలు ప్రింటుకు సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఫోటోలో పడేదాని హద్దు చూపే ఫ్రేమ్ గీతల అవతల కూడా కనిపిస్తుంది కాబట్టి మనిషి ఫ్రేములోకి రాకముందే మీకు తెలుస్తుంది. సంతల్లో, జాతరల్లో తీసేవాళ్లకు ఇంతకు మించిన కెమెరా లేదు.

ఇక దర్జా సంగతి. 2023లో వచ్చిన ఎం11-పి మీద ఎర్ర బొట్టు ఉండదు, అప్పటి ధరేమో 9,195 డాలర్లు. తెలిసినవాళ్లు మాత్రమే గుర్తుపట్టాలన్నది దాని పై మెట్టు. అయినా ఆ కెమెరా లోపల సరుకుంది. లైకాదే చిన్న కెమెరా డి-లక్స్ 7 అలా కాదు. అది పానాసోనిక్ ఎల్ఎక్స్100 మార్క్ 2నే: అదే 17 మెగాపిక్సెల్ సెన్సర్, అదే లెన్స్. పై రూపు, బొట్టు, ధర వేరు. 2012లో హాసెల్‌బ్లాడ్ అనే కెమెరా కంపెనీ కూడా సోనీ నెక్స్-7 కెమెరాకి కర్ర పిడి తొడిగి లూనార్ అని ఎన్నో రెట్లకు అమ్మబోయింది. పైన పటారం, లోన లొటారం. అలాంటివాటికి రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

ఎం11లో వెండి రంగుది ఇత్తడి టాప్‌తో 640 గ్రాములు, నల్లది అల్యూమినియంతో 530. రోజంతా మెడలో వేసుకుని తిరిగేవాళ్లు నల్లదే తీసుకోండి.

పాతది కొనేటప్పుడు లెన్స్‌ను ఇన్ఫినిటీకి (అన్నిటికన్నా దూరపు గుర్తుకి) తిప్పి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ను చూడండి. గడిలో బొమ్మలు పక్కకి తప్పాయా, ఎక్కడో దెబ్బ తిని రేంజ్‌ఫైండర్ కదిలింది, ఫోటోలన్నీ ఫోకస్ తప్పుతాయి. పైకీ కిందకీ తప్పితే కంటికి చికాకే గానీ ఫోకస్‌కు ఢోకా లేదు. 0.7 మీటర్ల దగ్గర కూడా లెన్స్ పూర్తిగా తెరిచి ఒక ఫోటో తీసి చూడాలి. పాతవాటిలో 2017 నాటి ఎం10 మంచి బేరం, 24 మెగాపిక్సెల్ చాలు. 2009 నాటి ఎం9 చవగ్గా వచ్చిందని మాత్రం తొందరపడొద్దు. దాని సెన్సర్ మీది గాజు తేమకు పాడవుతుంది, కంపెనీ ఇప్పుడు సెన్సర్ మార్చివ్వడం లేదు. ఎఫ్/16లో ఖాళీ ఆకాశాన్ని తీసి, నూరు శాతం జూమ్‌లో చూడండి. చుట్టూ తెల్లని వలయమున్న మచ్చలు కనిపిస్తే కెమెరా తిరిగిచ్చేయండి.