శేషాచలం సైకస్‌కు ఏది మేలు: టిష్యూకల్చరా, దాచిన పుప్పొడా?

శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలకే పరిమితమైన, ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమీలో ఆడ, మగ చెట్లు వేరు. మందుల కోసం మగ శంకువులను (పుప్పొడినిచ్చే కంకుల్లాంటి భాగాలను) కోసుకుపోతే ఆడ చెట్టుకు పుప్పొడి అందదు. మరి ఈ జాతిని నిలబెట్టడానికి ఏ దారి పట్టాలి: ప్రయోగశాలలో చెట్టు కణజాలం నుంచి మొక్కలు పెంచే టిష్యూకల్చరా, మగ చెట్ల పుప్పొడిని దాచి ఆడ చెట్లపై చల్లడమా?

ఖర్చు: టిష్యూకల్చర్‌కు శుద్ధమైన గది, హార్మోన్లు, నిపుణులు కావాలి. పుప్పొడిని దాచడానికి తేమను పీల్చే సిలికా జెల్, ఫ్రీజర్ చాలు.

శ్రమ: పుప్పొడి పనిలో కష్టమంతా కొండమీదే. ఆడ చెట్టులో గోధుమరంగు నూగు కప్పిన ఆకులాంటి రెక్కల అంచున అండాలుంటాయి. ఒక్కో అండం కొనన సన్నని తేమబొట్టు మెరుస్తుంది. అది ఆరిపోకముందే పుప్పొడి చల్లాలి. ఆ కొద్ది రోజులు తప్పిపోతే, మళ్లీ ఆ చెట్టు అండాలు వేసేదాకా ఎదురుచూడాల్సిందే.

ప్రమాదం: ఒకే చెట్టు కణజాలం నుంచి పెంచిన మొక్కలన్నీ ఒకే అచ్చు, ఒకదాన్ని కూల్చిన తెగులు అన్నిటినీ కూల్చగలదు. పైగా సైకస్‌లు ప్రయోగశాలకు తేలిగ్గా లొంగవు. పుప్పొడి చల్లితే వచ్చే విత్తనపు మొలకల్లో ఏ రెండూ ఒకటి కావు, అడవికి కావలసింది అదే.

అందుకే రెండు రకాల చెట్లూ మిగిలి ఉన్నంతకాలం నా ఓటు పుప్పొడికే. జత దొరకనప్పుడు మాత్రం టిష్యూకల్చర్‌పై ఎంత ఖర్చయినా పెట్టాలి. 1895లో దక్షిణాఫ్రికాలో మగ చెట్టుగా దొరికిన, సైకస్‌కు దూరపు బంధువైన ఎన్సెఫలార్టోస్ ఉడీకి ఆడ చెట్టు ఇప్పటికీ కనబడలేదు.